నాలుగో ఆదివారం అమ్ముడుపోయిన పెట్టె

"నాలుగు ఫోన్లూ ఆ పెట్టెలోనే ఉన్నాయా?" మా ఆవిడ అడగడం అది మూడోసారి.

"నాలుగూ."

"ఆ పెట్టె?"

"అమ్మేశాను."

మూడుసార్లూ అదే జవాబు చెప్పాను. సరుకు మారనప్పుడు చెప్పే మాట మార్చకూడదు.

మధ్యాహ్నం మూడు దాటింది. ఆదివారం కదా, పన్నెండింటికే కొట్టు షట్టరు సగం దించేశాను. కౌంటరుకి అటువైపు మా ఆవిడ, ఇటువైపు నేను, మధ్యలో నిచ్చెన. నిచ్చెన నాలుగో మెట్టు మీద మా అమ్మ. ఆవిడ ఇంకా దిగలేదు. దిగితే, అసలు ఎందుకు ఎక్కావని అడుగుతారని భయం.

మా అమ్మాయి మేకుల డబ్బాల పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. ఏమీ అనడం లేదు. నా భయమల్లా దానికే.

ఒప్పందం తనది, వాళ్ళమ్మ చేత చెప్పించింది. నాలుగు ఆదివారాలు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా, ఇంట్లో ఉన్న నాలుగు ఫోన్లూ స్విచాఫ్ చేసి ఒకచోట పెట్టాలి. మధ్యలో ఎవరు ముట్టుకున్నా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. నాలుగూ నిండితే, నాలుగు నెలల కింద ఒక బుధవారం తను నాతో చెప్పిన మాట మళ్ళీ చెబుతుంది.

ఆ మాట ఏమిటో మా ఆవిడకి తెలుసు. మా అమ్మకి తెలుసు. నాకే తెలియదు. చెప్పినప్పుడు నేను తన ఎదురుగానే ఉన్నాను, కళ్ళు మాత్రం ఫోనులో ఉన్నాయి. ఆ బుధవారం నుంచి తను నాతో "భోజనానికి రా", "తాళాలు తీసుకున్నావా" తప్ప మూడో మాట మాట్లాడలేదు. కన్నకూతురు ఏం చెప్పిందో తెలియని తండ్రిగా నాలుగు నెలలు గడిపాను. ఈ నాలుగో ఆదివారం ఐదు కొడితే ఆ బాకీ తీరుతుందని పొద్దుటి నుంచి గడియారం చూస్తున్నాను.

పై అరలో పెట్టడం మాత్రం నా ఆలోచన. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇనప సామాన్లు అమ్ముతున్నాను. కళ్ళకి ఎదురుగా పెట్టిన సరుకు వారంలో పోతుంది. నడుము వంచాల్సిన చోట పెట్టింది నెలకి పోతుంది. నిచ్చెన వెయ్యాల్సిన చోట పెట్టింది అక్కడే ముసలిదవుతుంది. ఫోను దిండు పక్కన ఉంటే చెయ్యి దానంతట అదే వెళ్ళిపోతుంది. నిచ్చెన వెయ్యాలంటే మనిషి ఒక్క క్షణం ఆగుతాడు. ఆ ఒక్క క్షణం చాలు.

అందుకని పై అరలో మూడేళ్ళుగా పడున్న పనిముట్ల పెట్టె దించి, లోపలి తట్ట ఎత్తి, అడుగున నాలుగు ఫోన్లూ పేర్చి, తట్ట మళ్ళీ పెట్టేసి పైకి చేర్చాం. ఇంట్లో కళ్ళకి ఎదురుగా ఉండే అరలో చదరంగం బల్ల, మా ఆవిడ సగంలో వదిలేసిన అల్లిక, అమ్మాయి రంగుల పెట్టె పెట్టాం. మూడు ఆదివారాలు ఆ సరుకు బాగానే కదిలింది. మా అమ్మ నన్ను చదరంగంలో ఆరుసార్లు ఓడించింది, అందులో నాలుగు మోసం.

నాలుగో ఆదివారం ఆ పెట్టెని నేనే అమ్ముకున్నాను. మూడేళ్ళుగా కదలని సరుకుని ఎవరైనా వేలు చూపించి అడిగితే, నాలో ఉన్న వ్యాపారి మిగతా మనిషిని పక్కకి నెట్టేస్తాడు.

"అసలెలా అమ్మారండీ?" అంది మా ఆవిడ.

"పొద్దున ఒకావిడ వచ్చి, పైకి చూసి అది కావాలంది. దించాను."

"దించినప్పుడు బరువు తెలియలేదా?"

"తెలిసింది."

"మరి?"

"బరువు చూశారా, గట్టి ఇనుము, ఇలాంటివి ఇప్పుడు రావడం లేదని చెప్పాను."

నిచ్చెన మీద మా అమ్మ నవ్వింది. మెట్లు కిర్రుమన్నాయి. మా ఆవిడ నవ్వకూడదని పెదవులు బిగించి పట్టుకుంది, కానీ భుజాలు ఆమె మాట వినలేదు.

"మన ఫోన్ల బరువు చూపించి వాళ్ళకి పెట్టె అంటగట్టారన్నమాట."

"అంటగట్టలేదు. పెట్టె మంచిదే."

"అదంతా సరే," అంది మా అమ్మాయి. తను నోరు విప్పడం అదే మొదలు. అందరం అటు తిరిగాం. "పెట్టె తియ్యాల్సింది ఐదింటికి. లేదని మూడింటికే ఎలా తెలిసింది?"

ముగ్గురం నిచ్చెన వైపు చూశాం.

"దుమ్ము," అంది మా అమ్మ. "పై అరంతా దుమ్ము. తుడుద్దామని ఎక్కాను."

"గుడ్డ ఏది నానమ్మా?"

మా అమ్మ చీర కొంగు ఎత్తి చూపించింది.

"మోకాళ్ళు పట్టేశాయని నిన్న గుమ్మం కూడా దాటనన్నారు అత్తయ్యా," అంది మా ఆవిడ.

"నొప్పి దిగేటప్పుడేనమ్మా. ఎక్కేటప్పుడు ఉండదు."

మా అమ్మకి డెబ్బై మూడేళ్ళు. ఆవిడ ఫోనులో తివాచీలు ఉతికే వీడియోలు చూస్తుంది. ఎవరివో, ఏ దేశానివో, బురద పట్టి నల్లగా అయిపోయిన తివాచీలు. నీళ్ళు కొట్టి, నురగ పోసి, బ్రష్షుతో రుద్ది రుద్ది అసలు రంగు బయటపడేదాకా ఆవిడ కదలదు. మా ఇంట్లో తివాచీ లేదు.

"పొద్దున తొమ్మిదింటికి ఒకటి సగంలో ఉండగా లాక్కున్నారు," అని చివరికి ఒప్పుకుంది. "ఒక మూల నీలం కనబడుతోంది. మిగతాది ఏ రంగో తెలియకుండా మనిషి ఎలా కూర్చుంటుంది చెప్పు."

"అయితే లెక్క పోయినట్టే," అంది మా ఆవిడ.

"ఎలా పోయింది? ముట్టుకుంటే పోతుందన్నారు. నేను ముట్టుకున్నానా?"

"ముట్టుకుందామనే కదా ఎక్కారు?"

"అనుకున్నదానికి కూడా శిక్ష ఉందా? ముట్టుకుందామన్నా అక్కడ ఉంటేగా. నేను ఎక్కేసరికే నా కొడుకు అమ్మేసి నా పరువు కాపాడాడు."

తీర్పు చెప్పాల్సింది మా అమ్మాయి. ముగ్గురం తన మొహం చూశాం. తను మేకుల డబ్బాలో చెయ్యి పెట్టి ఒక మేకు తీసి, వంకర ఉందేమోనని వెలుతురులో చూసి, మళ్ళీ డబ్బాలో వేసింది.

"ముందు పెట్టె దొరకనీండి. తర్వాత చెప్తాను."

మా అమ్మ గబగబా దిగేసింది. మోకాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఏదో ఒక ఫోనుకి చేసి చూడండి," అని మా ఆవిడ అంది. అని, తనే పక్కన చెయ్యి పెట్టి వెతుక్కుంది. నేను జేబు తడుముకున్నాను. మా అమ్మాయి కూడా. అందరి చేతులూ ఖాళీగా వెనక్కి వచ్చాయి.

పక్క కొట్టు వాళ్ళది అడుగుదామంటే, ఏ నంబరుకి చెయ్యాలి? అమ్మాయి నంబరు నాకు రాదు. నాది తనకి రాదు. మా ఆవిడకి నాలుగంకెలు గుర్తొచ్చాయి గాని, అవి మొదటివో చివరివో తేలలేదు. తేలినా లాభం లేదు, నాలుగూ స్విచాఫ్ చేసి పెట్టినవే.

"ఎవరు నాన్నా ఆవిడ?"

"పేరు అడగలేదు."

"అనుకున్నాను." తను షట్టరు వైపు తిరిగింది. "కౌంటరు దగ్గరికి వచ్చిన మనిషి మొహం నువ్వెప్పుడు చూశావు గనక. డబ్బాలో చెయ్యి పెట్టి ఇస్తావు, కళ్ళు మాత్రం ఫోనులో ఉంటాయి. నిన్న వచ్చినవాళ్ళలో ఒక్కరిని చెప్పు చూద్దాం."

నిన్నటివాళ్ళలో ఒక్కరు కూడా గుర్తు లేరు. అది నిజం. ఒప్పుకోక తప్పలేదు.

"నిన్నటి సంగతి తెలియదు," అన్నాను. "ఈవిడ ఎడమ బొటనవేలికి బట్ట పట్టీ చుట్టుకుంది. గోళ్ళ చివర్లు తెల్లగా ఉన్నాయి. కిటికీ అద్దాలు బిగించే లప్పం అడిగింది. డబ్బా మూత తీసి ముందు వాసన చూసింది, నూనె ఎక్కువైందేమోనని. ఆకుపచ్చ సైకిలు మీద వచ్చింది. దానికి ఎడమ పెడలు లేదు, ఉత్త కడ్డీ ఒక్కటే ఉంది."

మా అమ్మాయి షట్టరు దగ్గరే ఆగింది.

"పని వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుందిట. ఆయనకి ఎత్తంటే భయమట. అందుకని పైకిటికీలన్నీ చిన్నప్పటి నుంచి తనే ఎక్కేదిట. కింద ఆయన కళ్ళు మూసుకుని నిచ్చెన పట్టుకునేవాడట. ఈ వారం గుండ్రటి కిటికీలు ఒప్పుకుంది. గుండ్రంగా కొయ్యడం చాలా కష్టమంది, నాలుగు పగిలాయంది. పిల్లలు రేపు పొద్దున వచ్చేలోగా పూర్తి చెయ్యాలట."

మా అమ్మాయి మళ్ళీ చేతులు కట్టుకుంది.

"ఇదంతా ఆవిడే చెప్పిందా?"

"అడిగాను."

"నువ్వా? ఎందుకు?"

"ఏం చెయ్యను," అన్నాను. "చేతిలో ఏమీ లేదు."

మా అమ్మాయి కట్టుకున్న చేతులు విప్పింది. నవ్వలేదు. కానీ నాలుగు నెలల తర్వాత, తలుపు వైపో గోడ వైపో కాకుండా, నా వైపు చూసింది.

ఇక్కడ మా ఆవిడ అందుకుంది. ఆమె పందొమ్మిదేళ్ళుగా పోస్టాఫీసులో ఉత్తరాలు వీధులవారీగా విడదీసే పని చేస్తోంది. ఊళ్ళో ఏ సందు ఏ సందులోకి వెళ్తుందో వేళ్ళ మీద ఉంటుంది. కానీ ఎక్కడికి బయల్దేరినా ఫోనులో దారి చూసుకునే నడుస్తుంది.

"గుండ్రటి కిటికీలు. పిల్లలు. అంటే బడి. పై అంతస్తులో రెండు గుండ్రటి కిటికీలున్న బడి ఒకటుంది, మా పోస్ట్‌మన్ దాన్ని కళ్ళజోడు బడి అంటాడు. నీళ్ళ ట్యాంకు దాటాక మూడో వీధి."

"దారి తెలుసా అమ్మా?"

"తెలియకపోవడమేమిటి? రోజుకి వందసార్లు ఆ వీధి పేరు చదువుతాను." ఒక్క క్షణం ఆగి, "ఎప్పుడూ వెళ్ళలేదనుకో," అంది.

షట్టరు పూర్తిగా దించి నలుగురం బయల్దేరాం. మా అమ్మని ఉండమన్నాం. నిచ్చెన ఎక్కిన మోకాళ్ళకి రోడ్డు ఒక లెక్కా అంది.

మలుపు వచ్చినప్పుడల్లా అమ్మాయి అలవాటుగా అరచేతిలోకి చూసుకుంది. అరచేతిలో గీతలు తప్ప ఏమీ లేవు. మా ఆవిడ ముందు నడిచింది, ఉత్తరాల గూళ్ళ ముందు నిలబడే ఠీవితో. "ఇటు సరి అంకెలు, అటు బేసి అంకెలు. ఈ పద్నాలుగో నంబరు వాళ్ళకి ఎప్పుడూ పెద్ద పెద్ద కవర్లు వస్తాయి. ఇదిగో ఈ ముప్పై రెండు వాళ్ళకి పదేళ్ళుగా ఒక్క ఉత్తరం రాలేదు పాపం." నేను ఆమెని పెళ్ళి చేసుకుని ముప్పై ఏళ్ళు. ఆమె పని గురించి అన్ని మాటలు ఒక్కసారి వినడం అదే మొదటిసారి. విననిది ఆమె చెప్పకా, నేను చెవి పెట్టకా అని ఆలోచించుకుని, జవాబు నాకు అనుకూలంగా రాదని ఊరుకున్నాను.

ట్యాంకు దగ్గర తిరిగి చూస్తే మా అమ్మ లేదు.

వెనక్కి వెళ్ళాం. ఒక ఇంటి ముందు గచ్చు మీద ఒకాయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి తివాచీ ఉతుకుతున్నాడు. మా అమ్మ ఆయన పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"మధ్యలో రుద్దితే లాభం లేదు నాయనా. ముందు అంచులు. అంచుల నుంచి లోపలికి రావాలి."

"మీకిందులో బాగా అనుభవం ఉన్నట్టుందే పెద్దమ్మా," అన్నాడాయన.

"మూడేళ్ళుగా ఇదే పని," అంది మా అమ్మ, ఏమాత్రం తడుముకోకుండా.

ఆయన అంచులు రుద్దాడు. గచ్చు మీద నల్లటి నీళ్ళు కారాయి. మా అమ్మ ఆయన చేతిలో బ్రష్షు లాక్కుని తనూ నాలుగు రుద్దులు రుద్దింది. ఎర్రటి పువ్వు ఒకటి బయటపడింది. వెంటనే ఇంకోటి. మేం ముగ్గురం వంగి చూస్తున్నాం. టైము పోతోందని నేను అనబోయాను గాని, మూడో పువ్వు రావడానికి ఇంకా కొంచెమే ఉంది.

మా అమ్మ తడిసిన చేతులతో మా వెనకే వచ్చింది. దారంతా చేతులు వాసన చూసుకుంటూ, "ఫోనులో ఈ సబ్బు వాసన రాదే," అని రెండుసార్లు అంది.

కళ్ళజోడు బడి దగ్గర ఆకుపచ్చ సైకిలు గోడకి ఆనించి ఉంది. ఎడమ పెడలు లేదు. మా అమ్మాయి వంగి ఆ కడ్డీని వేలితో ముట్టుకుని చూసింది.

పైన, రెండో అంతస్తు ఎత్తున, పరంజా పలక మీద అద్దాలావిడ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. రెండు అరచేతులూ ఒక గుండ్రటి అద్దం మీద. నా పెట్టె ఆవిడ పక్కనే, మూత తెరిచి.

"ఏమ్మా," అని కేకేశాను. "పొద్దున పెట్టె అమ్మినవాణ్ణి."

"అమ్మింది వెనక్కి తీసుకుంటారా ఏమిటి? ఇవ్వను, మంచి పెట్టె," అంది ఆవిడ, తల తిప్పకుండానే.

"పెట్టె మీదే. తట్ట కింద మా ఫోన్లు ఉండిపోయాయి. నాలుగు."

అద్దం కదలకుండా ఆవిడ నవ్వును ఎలా ఆపుకుందో నాకు తెలియదు గాని, పలక మాత్రం కొద్దిగా వణికింది.

"గట్టి ఇనుమన్నారు కదా సార్."

"ఇనుమూ గట్టిదే," అన్నాను.

"ఇప్పుడు చెయ్యి తీస్తే అద్దం జారిపోతుంది. ఇది ఐదోది. లప్పం పట్టేదాకా ఇరవై నిమిషాలు కూర్చోండి. తాడు కట్టి దించుతాను."

బడి మెట్ల మీద వరసగా కూర్చున్నాం. మా అమ్మాయి నా పక్కన. చిన్నపిల్లల కోసం కట్టిన మెట్లు, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. బడి గోడ మీది గడియారంలో నాలుగున్నర దాటి రెండు నిమిషాలు.

నేను గడియారం చూడటం తను చూసింది.

"ఐదు దాకా ఆగక్కర్లేదు నాన్నా."

"అయితే లెక్క పోయిందా?"

"నిండింది. ఆ సైకిలుకి పెడలు లేదని చెప్పావు చూడు, అక్కడే నిండింది."

తను చెప్పాల్సిన చోట నేను మాట్లాడితే మళ్ళీ ఎన్ని ఆదివారాలు పడుతుందో.

"నా ఉద్యోగం ఏమిటో తెలుసా నీకు?"

"ఫోనులో ఆటలు తయారుచేసే కంపెనీ."

"ఆటలు వేరేవాళ్ళు చేస్తారు. ఆడుతున్న మనిషి ఇక చాలని లేవబోతాడు చూడు, సరిగ్గా అప్పుడు ఏం కబురు పంపిస్తే మళ్ళీ కూర్చుంటాడో చూడటం నా పని." తను మెట్టు మీద లప్పం మరకని గోటితో గీకుతోంది. "నీ కొట్టుకి ఒకాయన మేకుల కోసం వస్తాడు. కొనుక్కుని ఇంటికి పోతాడు, గోడకి కొట్టుకుంటాడు, పని అయిపోతుంది. మా దగ్గర మనిషి ఇంటికి పోతే అది మా తప్పు. ఇంకో నిమిషం, ఇంకో నిమిషం అని చెయ్యి పట్టుకుని ఆపాలి. నాకు చేతకాక కాదు నాన్నా. బాగా చేతనైంది. ఆ బుధవారానికి ముందే నాకు బహుమతి కూడా ఇచ్చారు. దాంతోనే భయం పట్టుకుంది."

"ఆ మాటేనా ఆ రోజు చెప్పింది?"

"దాని తర్వాతది. ఆ పని మానేసి కొట్లోకి వచ్చేస్తాను, నీతో కలిసి చేస్తాను అన్నాను." గీకడం ఆపింది. "నువ్వు నవ్వావు. మామూలుగా కాదు. కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా."

నష్టం ఎక్కడ వచ్చిందో వెతకడం నాకు అలవాటు. తూకంలోనా, దారిలోనా, దొంగతనమా. ఇంత పెద్ద నష్టం నా కళ్ళ ముందే, నా నవ్వుతోనే జరిగిందని వినడం ఇదే మొదలు. ఆ బుధవారం కోసం ఎంత తవ్వినా ఏమీ తగల్లేదు. నేనెందుకు నవ్వాను?

"కోతి," అంది మా అమ్మ.

ముగ్గురం తిరిగాం.

"టోపీ పెట్టుకున్న కోతి. అరటిపండు అనుకుని సబ్బు తింటుంది. ఆ రోజు సాయంత్రం నాకు కూడా చూపించాడు. నిన్ను చూసి కాదే, వాడు కోతిని చూసి నవ్వాడు."

మా అమ్మాయి నా మొహంలోకి చూసింది. నేను తల ఊపాను. అంతకన్నా సిగ్గుపడాల్సిన సాక్ష్యం ఎవరూ నా తరఫున చెప్పి ఉండరు.

"నాలుగు నెలలు," అంది తను నెమ్మదిగా. "కొట్టుకి పనికిరానని నవ్వావనుకున్నాను. నాలుగు నెలలు ఒక కోతి మీద అలిగాను."

ముందు నవ్వింది మా ఆవిడే. ఆమె పొద్దుటి నుంచి ఆపుకుంటున్న నవ్వు. తర్వాత అమ్మాయి. దాని నవ్వు చివర కొంచెం ఏడుపు కూడా ఉంది, దాన్ని మోచేత్తో తుడుచుకుంది. నేను నవ్వలేదు. నవ్వితే మళ్ళీ ఏమవుతుందోనని కాళ్ళ వేళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

"మళ్ళీ అడుగు," అన్నాను.

"ఉద్యోగం మానేసి కొట్లోకి వస్తాను నాన్నా. రమ్మంటావా?"

ఇరవై ఎనిమిదేళ్ళుగా ఏ మాటనీ మొదటిసారికే ఒప్పుకోని నోరు నాది. సరుకు తెచ్చేవాడు ఏం చెప్పినా ముందు బయటికి వచ్చే మాట ఒకటే. నేను ఆపేలోగా అదే వచ్చేసింది.

"చూద్దాం."

అమ్మాయి మళ్ళీ ఆ లప్పం మరకని గీకడం మొదలుపెట్టింది.

"కంగారు పడకు," అంది మా ఆవిడ అమ్మాయితో. "నన్ను పెళ్ళి చేసుకుంటారా అని నేనే అడిగాను, తెలుసా? అప్పుడూ ఇదే అన్నారు. ముప్పై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నారు."

"రా," అన్నాను. "రేపే రా. అసలు ఇవాళే రావాల్సింది, ఆ పెట్టె అమ్మకుండా ఆపేదానివి."

"ఒక షరతు."

"చెప్పు."

"ఆదివారాలు ఒక్కటే కాదు. కొట్టు తెరిచినప్పటి నుంచి మూసేదాకా నీ ఫోనూ నా ఫోనూ పై అరలో. సరుకు వాళ్ళతో మాట్లాడాలంటే మధ్యాహ్నం ఒక అరగంట నిచ్చెన వేసుకుని దించుకుందాం, మాట్లాడి మళ్ళీ పెట్టేద్దాం. మిగతా టైమంతా వచ్చినవాళ్ళ బొటనవేళ్ళు చూడాలి."

మామూలుగా అయితే గంట అడిగి ముప్పావు గంటకి ఒప్పుకునేవాణ్ణి. పైనుంచి అద్దాలావిడ, "ఒప్పుకోండి సార్, ఇక్కడ నాకు అన్నీ వినబడుతున్నాయి," అంది.

"ఒప్పుకున్నాను."

మా అమ్మాయి కనుబొమలు ముడిచింది. నన్ను పైనుంచి కిందికి ఓసారి చూసింది, సరుకు చూసినట్టు.

"బేరం ఆడలేదేమిటి?"

"ఆడలేదు."

"మొదటి మాటకే ఒప్పుకున్నావంటే, నేను తక్కువ అడిగానన్నమాట."

అది నా కూతురని అప్పుడు నాకు ఏ అనుమానమూ లేకుండా తెలిసింది. పైన తాడు కిర్రుమంటూ పెట్టె దిగడం మొదలైంది. మా అమ్మ కూడా తల ఎత్తలేదు. ముగ్గురు ఆడవాళ్ళూ నన్నే చూస్తున్నారు.

"అయితే నాన్నా," అంది అమ్మాయి, నా పక్కకి ఇంకొంచెం జరిగి, గొంతు తగ్గించి. "కౌంటరు వెనక కుర్చీ ఒకటే ఉంది కదా. దాని సంగతేమిటి?"